ఆ సంతకం ఎవరిది?

శనివారం వచ్చిందంటే రాత్రి ఎనిమిదింటికల్లా మా ఇంట్లో భోజనాలు అయిపోవాల్సిందే. ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా వంటింటి గట్టు తుడిచేసి, ఉత్తరం వైపు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటాను. మా ఇంట్లో సెల్‌ఫోనుకి సిగ్నల్ సరిగ్గా అందేది అక్కడే. కిటికీలో బియ్యం డబ్బా పెట్టి, దాని మీద ఫోను నిలబెట్టి, చెవుల్లో తీగలు పెట్టుకుంటాను. ఏ సీరియల్ కోసమో అనుకునేరు. కాదు, నా క్లాసు కోసం!

"ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాక నీకు క్లాసేమిటే? అదీ డాక్టర్ల చదువా? సూది చూస్తేనే కళ్లు మూసుకునేదానివి" అని మా అమ్మ ఫోనులో ఒకటే నవ్వు.

నవ్వడంలో తప్పేం లేదు. నేను చదివింది బి.ఏ., అదీ తెలుగు మీడియంలో. అప్పుడప్పుడు కథలు రాస్తుంటాను. ఆమధ్య ఒక నర్సు జీవితం మీద కథ రాసి పత్రికకి పంపితే, "ఆస్పత్రుల్లో ఇలా జరగదేమో, ఒకసారి కనుక్కోండి" అని చిన్న చీటీతో తిరిగొచ్చింది. విశాఖపట్నంలో నర్సుగా పనిచేసే మా పిన్ని కూతురితో ఆ మాట చెప్పుకుని బాధపడ్డాను. "అక్కా, వైద్యనీతి మీద ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు మొదలవుతోంది. డాక్టర్లే కానక్కర్లేదు, ఎవరైనా చేరొచ్చు. నీ కథకి పనికొస్తుంది, చేరకూడదూ?" అంది.

కథ కోసమే చేరాను. తీరా ఆ చదువు మా ఇంటి బీరువాలోని పాత ఫైలు దాకా తీసుకెళుతుందని అప్పుడు నాకు తెలియదు.

చింతూరు నుంచి హాజరు

మాది చింతూరు. శబరి నది ఒడ్డున ఉన్న ఊరు. ఒక రోడ్డు భద్రాచలం పోతుంది, ఇంకొకటి మారేడుమిల్లి ఘాట్ దిగి రాజమండ్రి వైపు పోతుంది, మరొకటి ఎక్కితే ఛత్తీస్‌గఢ్, ఇంకాస్త పక్కకి తిరిగితే ఒడిశా. సంత రోజున నిలబడితే చాలు, కోయ, తెలుగు, ఒరియా, హిందీ... నాలుగు భాషలూ చెవిన పడతాయి. 2014 దాకా మాది ఖమ్మం జిల్లా. తర్వాత తూర్పు గోదావరిలో కలిపారు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది! అదే 2022 జూలైలో గోదావరికి వరదొచ్చి, భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు, శబరి కూడా ఎగదన్ని మా ఊళ్లోకి వచ్చేసింది. ఇలాంటి చోట నుంచి ఆన్‌లైన్ క్లాసంటే మాటలు కాదు. గట్టిగా గాలివాన వస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే సిగ్నలూ పోతుంది.

మొదటి శనివారం తెర మీద ఇరవై మంది దాకా కనిపించారు. కేరళ నుంచి ఒక నర్సు, కాకినాడ నుంచి ఒక యువ డాక్టరు, పూణే నుంచి ఒక లాయరు, అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగమ్మాయి, ఇంకా ఎందరో. పాఠం చెప్పే మేడమ్ పదవీ విరమణ చేసిన వైద్యురాలు. అందరూ గడగడా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను గొంతు పెగలక, మైకు కట్టేసుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి "హౌస్ వైఫ్, చింతూరు" అని మాత్రం అన్నాను.

మేడమ్ నవ్వి, "ఈ క్లాసుకి చాలా అవసరమైన మనిషి మీరే. ఎప్పుడో ఒకప్పుడు రోగిగా మంచం మీద పడుకున్నవాళ్లు, రోగి పక్కన నిలబడినవాళ్లు మాట్లాడకపోతే ఇది డాక్టర్ల ముచ్చట్లుగానే మిగిలిపోతుంది. మీకు తెలుగులో చెప్పాలనిపిస్తే తెలుగులోనే చెప్పండి, నేను మిగతావాళ్లకి చెబుతాను" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం భయం పోయింది.

వైద్యనీతి అంటే ఏవో పెద్ద పెద్ద సూత్రాలనుకున్నాను. మొదటి వారం చెప్పినవి నాలుగే. రోగి ఇష్టాన్ని గౌరవించాలి. మేలు చెయ్యాలి. కీడు చెయ్యకూడదు. అందరినీ న్యాయంగా చూడాలి. బోషాంప్, చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1979లో అచ్చువేసిన పుస్తకంలో వీటిని ఇలా నాలుగుగా విడమరిచి చెప్పారట. ఇందులో కష్టమేముంది, మన బామ్మలు చెప్పినవే కదా అనిపించింది. కష్టమంతా రెండో వారం నుంచి మొదలైంది.

చెప్పకుండా చేసిన వైద్యం

అమెరికాలో అలబామా రాష్ట్రంలో టస్కీగీ అనే ఊరుంది. అక్కడ 1932లో ప్రభుత్వ ఆరోగ్య శాఖవారు కొందరు నల్లజాతి మగవాళ్ల మీద ఒక పరిశీలన మొదలుపెట్టారు. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ జబ్బు ఉంది. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు. "మీ రక్తం చెడింది" అన్నారంతే. వైద్యం చెయ్యకుండా వదిలేస్తే జబ్బు ఎలా ముదురుతుందో చూడడమే ఆ పరిశీలన! 1947 నాటికి పెన్సిలిన్ సిఫిలిస్‌కి సరైన మందని తేలిపోయింది. అయినా వాళ్లకి ఇవ్వలేదు. 1972లో పత్రికల్లో బయటపడేదాకా నలభై ఏళ్లపాటు అలా సాగింది. 1997లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు.

అదే రోజు హెన్రియెట్టా లాక్స్ గురించి కూడా చెప్పారు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చిన అయిదుగురు బిడ్డల తల్లి. 1951లో ఆమె కణితి నుంచి తీసిన కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూనే ఉన్నాయి. ప్రపంచమంతా వాటిని వాడుకుంది. ఆమెను ఎవరూ అడగలేదు, ఇంట్లోవాళ్లకి ఏళ్ల తరబడి తెలియనే తెలియదు. ఆ ఏడాది అక్టోబరులో ఆమె చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 31.

ముప్ఫై ఒకటి! ఆ అంకె విని ఉలిక్కిపడ్డాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంకో విచిత్రం చూడండి. ఆమె కణాల్లోనే హెచ్.పి.వి. అనే వైరస్ ఆనవాళ్లు దొరికాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఆ వైరసే మూలమని తేల్చిన హరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్తకి 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్యాన్సర్ రాకుండా ఈనాడు ఆడపిల్లలకి వేసే టీకా కథంతా అక్కడి నుంచి వచ్చిందే.

మా జిల్లా కథ

మూడో వారం మేడమ్ తెర మీద ఒక పటం పెట్టారు. చూద్దును కదా, గోదావరి! భద్రాచలం!

"దక్షిణ భారతదేశంలో ఒక మారుమూల జిల్లా" అంటూ ఒకబ్బాయి చదవడం మొదలుపెట్టాడు. ఆ మారుమూల జిల్లా ఖమ్మం. 2009లో ఇక్కడ పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు పద్నాలుగు వేల మంది పిల్లలకి వేశారు. గుజరాత్‌లో వడోదర జిల్లాలో ఇంకో పదివేల మందికి దగ్గరగా వేశారు. వాళ్లలో ఎంతోమంది గిరిజన పిల్లలు, అమ్మానాన్నలకి దూరంగా హాస్టళ్లలో చదువుకునేవాళ్లు.

టీకా వేయించుకున్నవాళ్లలో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 మార్చిలో మహిళా సంఘాలవాళ్లు వచ్చి విచారించారు. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది.

"అంటే టీకా వల్లే పోయారన్నమాట" అంది అమెరికాలో ఉన్న అమ్మాయి.

"కాదు. ఇక్కడే జాగ్రత్తగా వినాలి" అన్నారు మేడమ్. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కొక్క మరణాన్నీ చూసింది. ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలోనూ టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదనే తేల్చింది. మరి తప్పెక్కడ జరిగింది? అంగీకార పత్రాల దగ్గర. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ లెక్కలున్నాయి. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లీ కాదు, తండ్రీ కాదు, హాస్టల్ వార్డెన్లు!

నా గుండె గతుక్కుమంది. 2009లో నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు. మాదీ అదే జిల్లా. భద్రాచలం మాకు గంటన్నర ప్రయాణం. ఇంత జరిగితే పేపర్లో చూసి, "అయ్యో పాపం" అనుకుని పేజీ తిప్పేసి ఉంటాను.

అంతలో ఒకాయన, "చదువురాని తల్లిదండ్రులకి ఎంత విడమరిచి చెప్పినా అర్థమవుతుందా? వార్డెన్ సంతకం పెట్టడమే నయం" అన్నాడు.

నాకు ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. మైకు నొక్కేశాను. తెలుగులోనే అన్నాను. "బాబూ, మా ఇంటికి చింతపండు తెచ్చే కోయ అక్కకి వేలిముద్రే. కానీ సంతలో నాలుగు భాషల్లో బేరమాడుతుంది. కాటాలో యాభై గ్రాములు తేడా వచ్చినా ఊరుకోదు. నేను బి.ఏ. చదివి రోజూ మోసపోతాను. ఆమె పిల్లకి సూది వేస్తామని ఆమె భాషలో చెప్పి చూడండి, పది ప్రశ్నలు వేస్తుంది. ఆ పది ప్రశ్నలకి జవాబు చెప్పే ఓపిక లేక వార్డెన్ దగ్గరికి వెళ్లారేమో!"

అటునుంచి చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు. మేడమ్ నా మాటలు మిగతావాళ్లకి ఇంగ్లీషులో చెబుతున్నారు. కేరళ నర్సు చప్పట్లు కొట్టింది. మా అమ్మాయి తలుపు చాటు నుంచి, "అమ్మా, నువ్వేనా!" అంది.

కాకినాడ డాక్టరు మాత్రం నిజాయితీగా తన బాధ చెప్పుకున్నాడు. "ఒక్క పూటలో నూట యాభై మంది రోగులు వస్తారండీ. ఒక్కొక్కరికీ అరగంట చెబుతూ కూర్చుంటే చివరివాళ్లు చూపించుకోకుండానే వెళ్లిపోతారు. అది న్యాయమా?" ఆ మాటా నిజమే. ఆ పూటంతా దాని మీదే వాదన నడిచింది. అరగంట అక్కర్లేదు, అసలైన రెండు మాటలు రోగికి తెలిసిన భాషలో చెప్పండి, మిగతాది చెప్పడానికి ఒక మనిషిని పెట్టండి అన్న దగ్గర చర్చ ఆగింది.

బీరువాలోని ఫైలు

నాలుగో వారం పాఠం సుప్రీంకోర్టు తీర్పు. సమీరా కోహ్లీ కేసు. నలభై నాలుగేళ్ల అవివాహిత ఒకామె 1995లో అధిక రక్తస్రావమని ఢిల్లీలో డాక్టరు దగ్గరికి వెళ్లింది. లోపల ఏముందో పరీక్ష చేసి చూడడానికి మాత్రం ఒప్పుకుని మత్తు తీసుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని, గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఏమందంటే, తెలివిలో ఉన్న పెద్దమనిషి శరీరం మీద నిర్ణయం ఆ మనిషిదే. పరీక్షకి ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి చెల్లదు. ప్రాణం మీదకి వస్తే తప్ప, ఆమెకు తెలివి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి. తల్లి సంతకం పనికిరాదు.

క్లాసు అయిపోయింది. ఇంట్లోవాళ్లంతా నిద్రపోయారు. నేను లేచి బీరువా తెరిచాను.

ఏడేళ్ల కిందట నాకూ అదే సమస్య. నెలలో పదిహేను రోజులు బట్ట తడవని రోజు లేదు. పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాం. "పిల్లలున్నారు కదా, ఇంకెందుకు ఆ సంచీ? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ కావచ్చు" అన్నారు. క్యాన్సర్ అన్న మాట వినగానే కాళ్లు చల్లబడిపోయాయి. మందులతో చూద్దామా అని అడగడం నాకూ తెలియలేదు, మావారికీ తెలియలేదు. రెండో రోజే ఆపరేషన్. అప్పటికి నా వయసు ముప్ఫై ఒకటి.

ఆ తర్వాత నుంచి ఒళ్లంతా ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, మోకాళ్ల నొప్పులు, ఊరికే ఏడుపు. "గర్భసంచీ తీశాక అంతేనమ్మా" అని అందరూ అంటే అంతే కాబోలు అనుకున్నాను.

ఫైల్లో డిశ్చార్జి కాగితం తీసి దీపం కింద పెట్టాను. ఆపరేషన్ పేరు దగ్గర టి.ఎ.హెచ్. అని, పక్కన బి.ఎస్.ఒ. అని పొడి అక్షరాలున్నాయి. ఏడేళ్లుగా ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది. ఎన్నోసార్లు చూశాను కూడా. మొదటిదంటే గర్భసంచీ తియ్యడమని ఊహించాను. రెండోది? పొద్దున్నే పిన్ని కూతురికి ఫోటో పంపాను. కాసేపు జవాబు రాలేదు. తర్వాత ఫోను చేసింది.

"అక్కా... రెండు అండాశయాలూ కూడా తీసేశారు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ముప్ఫై ఒకటో ఏటే నాకు ముట్లు ఆగిపోయిన వయసు తెచ్చిపెట్టారని, ఆ ఆవిర్లూ చెమటలూ అందుకేనని ఏడేళ్ల తర్వాత తెలుసుకున్నాను. కింద అంగీకార పత్రం నకలు ఉంది. మొత్తం ఇంగ్లీషులో. చివర మావారి సంతకం.

కాఫీ ఇస్తూ ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. "నువ్వు అప్పటికే స్ట్రెచర్ మీద ఉన్నావు. త్వరగా పెట్టండి అన్నారు. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. నేనూ చదవలేదు" అన్నారు. ఆయన మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆయన మొహం చూస్తే, ఆ సంతకం ఆయన చేత కూడా భయమే పెట్టించిందని అర్థమైంది. నేను స్ట్రెచర్ ఎక్కకముందు నా చేతికే ఆ కాగితం ఇచ్చి ఉంటే? నేనూ చదవకుండానే పెట్టేదాన్నేమో. అప్పటి నేను అంతే.

నేనొక్కదాన్నే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచీ తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది! తెలంగాణలో ఎనిమిదికి దగ్గర. అవసరమై చేయించుకున్నవాళ్లు ఉంటారు. కానీ మనకి మాత్రమే అంత అవసరం ఎందుకొచ్చింది? అనవసరంగా గర్భసంచీలు తీసేస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యమని రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది.

మరుసటి వారం క్లాసులో ఇదంతా చెప్పాను. ఈసారి వణకలేదు. కేరళ నర్సు, "ఎముకల గట్టిదనం పరీక్ష చేయించుకున్నారా? చిన్న వయసులో అండాశయాలు తీస్తే ఎముకలు గుల్లబారే ప్రమాదం ఎక్కువ, గుండె సంగతీ చూసుకోవాలి" అంది. వెళ్లి చేయించుకున్నాను. ఎముకలు కొంచెం బలహీనపడ్డాయట. ఈ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. మందులు వాడుతున్నాను, పొద్దున్నే శబరి గట్టు మీద నడుస్తున్నాను.

మా ఆశా అక్క పాఠం

ఆరో వారం చర్చ సికిల్ సెల్ పరీక్షల గురించి. ఇది రక్తంలో వచ్చే వంశపారంపర్య జబ్బు, గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. 2047కల్లా దీన్ని లేకుండా చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి రక్తపరీక్ష చెయ్యాలని లక్ష్యం. జబ్బు లేకపోయినా దాని గుణం మోసేవాళ్లుంటారు. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందే తెలిస్తే మంచిదే. మరి ఆ సంగతి ఊరందరికీ తెలిసి ఆ పిల్లకి సంబంధాలు రాకపోతే?

పుస్తకం చదివి మాట్లాడడం ఎందుకని, మేడమ్‌ని అడిగి మా వీధిలో ఉండే ఆశా కార్యకర్తని పక్కన కూర్చోబెట్టుకున్నాను. కోయ అక్క. ఇల్లిల్లూ తిరిగేది ఆమే.

"పరీక్ష సంగతి వాళ్లకి ఎలా చెబుతారు?" అని మేడమ్ అడిగారు.

"మా భాషలోనే చెప్తా. చెప్పినాక, నేను చెప్పింది మళ్లీ నాకే చెప్పమంటా. వాళ్లు తప్పు చెప్పిన్రంటే, నేను సరిగ్గ చెప్పనట్టే గదమ్మా. మళ్లీ చెప్తా. అప్పుడు కూడా వద్దంటే ఊకుంటా, వారం పోయినాక మళ్లీ పోతా. రిపోర్టు మటుకు ఎవరిది వాళ్ల చేతిలోనే పెడతా, పక్కింటోళ్లకి చెప్పను" అంది.

కాకినాడ డాక్టరు లేచి నిలబడినంత పని చేశాడు. "మేడమ్, మళ్లీ చెప్పించుకోవడం అని మీరు పోయిన వారం పెద్ద పాఠం చెప్పారు, అది ఇదే కదండీ!" అన్నాడు. అక్క నా వైపు తిరిగి, "నేనేమన్న తప్పు చెప్పిన్నా?" అని గుసగుసగా అడిగింది. అక్కడ ఇరవై మంది రాసుకుంటున్నారని చెబితే సిగ్గుపడిపోయింది.

సంతకం పెట్టే ముందు...

ఆ ఎనిమిది వారాల్లో నేను రాసుకున్న నోటు పుస్తకంలోంచి మీకోసం కొన్ని మాటలు. ఇవి డాక్టరుతో తగువు పెట్టుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి.

* నాకున్న జబ్బు ఏమిటి? ఇప్పుడు ఏం చెయ్యబోతున్నారు? ఏ భాగం తీస్తారు, ఏది ఉంచుతారు? తెలుగులో చెప్పించుకోండి.

* మందులతో తగ్గే దారి ఉందా? ఆగితే ఏమవుతుంది? ప్రాణం మీదకి వచ్చినప్పుడు తప్ప, నాలుగు రోజులు ఆలోచించుకోవడానికి, ఇంకో డాక్టరుకి చూపించుకోవడానికి మీకు హక్కుంది.

* ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందులేమిటి? ఎన్నాళ్లుంటాయి?

* తెలివిలో ఉన్నంతవరకు సంతకం మీదే. అత్తగారిదో, భర్తదో చాలదు. స్ట్రెచర్ ఎక్కకముందే కాగితం అడిగి చదవండి, చదివించుకోండి. ఖాళీ కాగితం మీద పెట్టకండి.

* మీ చికిత్స కాగితాలు మీరు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నిబంధనల్లోనే ఉంది. తెచ్చుకుని దాచుకోవడమే కాదు, పొడి అక్షరాల అర్థం అడిగి పక్కన రాసుకోండి. నాలాగా ఏడేళ్లు ఆగకండి.

* డాక్టరు చెప్పినదాన్ని మీ మాటల్లో మళ్లీ ఆయనకే చెప్పి, "ఇంతేనాండీ?" అని అడగండి. మా ఆశా అక్క పద్ధతి రోగి వైపు నుంచి కూడా పనిచేస్తుంది.

నన్నడగరా?

కోర్సు అయిపోయింది. సర్టిఫికెట్ వచ్చింది. మావారు దానికి అద్దం కట్టిస్తానన్నారు, నేనే వద్దన్నాను. తిరిగొచ్చిన కథ మళ్లీ రాస్తున్నాను. ఇప్పుడందులో నర్సు చేతిలో ఒక కాగితం ఉంది.

మా అమ్మాయికి పదమూడేళ్లు. హెచ్.పి.వి. టీకా వేయించాలని నిశ్చయించుకున్నాను. దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోందని, 77 వేల మంది దాకా చనిపోతున్నారని 2020 నాటి అంచనా. టీకాకి తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లు మంచి వయసంటారు. మన దేశంలోనే తయారైన టీకా కూడా వచ్చింది. మా జిల్లాలో ఆనాడు జరిగిన తప్పు టీకాది కాదని, అడగకపోవడానిదని ఇప్పుడు నాకు తెలుసు. మావారితో మాట్లాడాను, డాక్టరమ్మతో మాట్లాడాను, రోజు కూడా ఖాయం చేసుకున్నాను. రాత్రి అన్నాలు తింటూ ఆ మాట చెబితే, మా అమ్మాయి కంచంలోంచి తలెత్తింది.

"సూది నాకు కదా? నన్నడగరా?"

ముద్ద గొంతులో అడ్డం పడినట్టయింది. పరిశోధనల్లో పాల్గొనే పిల్లల్ని ఏడేళ్ల వయసు నుంచే వాళ్ల ఇష్టం అడగాలని మన వైద్య పరిశోధన మండలి రాసుకున్న నియమాన్ని నేను క్లాసులో నొక్కి నొక్కి చెప్పాను. అమెరికా అమ్మాయితో వాదించాను కూడా. ఇంట్లో మాత్రం వార్డెన్‌నే!

కంచాలు తీశాక ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. వైరస్ అంటే ఏమిటో, అది ఎలా వస్తుందో, సిగ్గుపడకుండా చెప్పాను. చెయ్యి కొంచెం నొప్పెడుతుందని, ఒకోసారి జ్వరం రావచ్చని, కళ్లు తిరిగితే కాసేపు పడుకోవాలని చెప్పాను. టీకా వేయించుకున్నా ముప్ఫై ఏళ్లు దాటాక పరీక్షలు మానకూడదని చెప్పాను. అది ఏడెనిమిది ప్రశ్నలు వేసింది. రెండింటికి నాకు జవాబు తెలియక డాక్టరమ్మకి ఫోను చేశాం. "ఆలోచించి ఆదివారం చెప్తాను" అని లేచి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున తల దువ్వుతుంటే, "సరే అమ్మా, వేయించుకుంటాను" అంది.

"అయితే ఏం అర్థమైందో నాకు మళ్లీ చెప్పు" అన్నాను.

జడ పూర్తయ్యేదాకా చెప్పింది. ఒక్కచోట తప్పు చెప్పింది. నేనే సరిగ్గా చెప్పలేదని, మళ్లీ చెప్పాను.